దిబ్బ మీద బిడ్డ

మునిరత్నమ్మ ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా సగం లేచే ఉంటుంది. తిరుపతిలో మా గ్రామసేవికల శిక్షణ కేంద్రంలో చాప మీద నా పక్క చోటు దానిదే. పాఠం జరుగుతుంటే కాలి బొటనవేలు ఆడిస్తుంది, చాప పుల్లలు పీకుతుంది, కిటికీలోంచి జట్కాలను చూస్తుంది. "కాలుగాలిన పిల్లివి మే నువ్వు" అని నేను తిట్టని రోజు లేదు. "పిల్లి తిరిగితేనే గదక్కా ఎలక దొరికేది" అని నవ్వేది. మాటల్లో దాన్ని గెలిచినవాళ్లను నేను ఎరగను. చిత్తూరు కోర్టు గుమాస్తా కూతుర్ని, నోరెక్కువ అలివేలమ్మనని పేరున్నదాన్ని, నా వల్లే కాలేదు.

దానిది ఐరాల. తండ్రి చెరకు గానుగల దగ్గర బెల్లం వండేవాడు. దానికి ముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదట. అందుకని అది పుట్టగానే మా వైపు పల్లెల్లో వాడుక ప్రకారం చేటలో పడుకోబెట్టి పెంటదిబ్బ మీద పెట్టారు. ముందే మాట్లాడుకున్న పక్కింటి ఆవిడ వచ్చి, "ఎవురో పారేసిన బిడ్డ, నాకు దొరికింది" అని గట్టిగా అని ఎత్తుకుంది. గోడ చాటు నుంచి తల్లి బయటికి వచ్చి పిడికెడు తవుడు ఇచ్చి తన బిడ్డను తనే కొనుక్కుంది. ఇదంతా యముడి కళ్లు కప్పడానికి. దిబ్బ మీద పారేసిన బిడ్డ ఎవరికీ అక్కర్లేనిది కదా, అటువంటిదాన్ని తీసుకుపోయి ఆయన మాత్రం ఏం చేసుకుంటాడు? ఇంట్లో దాని పేరు కుప్పమ్మ. మునిరత్నమ్మ అనేది బళ్లో వేసిన పేరు.

యముడు దాన్ని వదిలాడు గానీ దాని మొగుణ్ణి వదల్లేదు. కాపురానికి పోకముందే ఆ పిల్లవాడు కలరాలో పోయాడు. బోసి నొసటితో పుట్టింట్లో సంగటి కెలుకుతూ ఉన్నదాన్ని, తెల్లవాళ్లు పోయిన మరుసటి ఏడు వాళ్ల పెదనాన్న కొడుకు ధనంజయ తెచ్చి మా కేంద్రంలో చేర్చాడు. "మా సెల్లెలు కూసోదు టీచరమ్మా, తిరిగే పనుంటే ఇయ్యండి" అన్నాడట. ఆ ఒక్క మాటా నిజమే చెప్పాడు.

మా టీచరమ్మ పేరు నిర్మలమ్మ. చిత్తూరు క్రైస్తవుల ఇంటి ఆడపడుచు, ఎప్పుడూ గంజి పెట్టిన తెల్లచీర. ఆమెకొక అలవాటు ఉండేది, నాకు దాంతో ఒళ్లు మండేది. పొద్దుగూకేసరికి మేము పల్లెల్లో తిరిగి, గజ్జి పిల్లల్ని కడిగి, తిట్లు తిని, ఉసూరుమంటూ వస్తే, ఏం చేశారని అడగదు. "ఈ పొద్దు మీరు ఏం చూడలేదు?" అని అడుగుతుంది. చూడనిది ఎట్లా చెబుతాం తల్లీ! నేను ఏదో ఒకటి అల్లి చెప్పి తప్పించుకునేదాన్ని. మునిరత్నమ్మ మాత్రం, "నాకు కనపడకుండా పొయ్యేది ఏముండాది టీచరమ్మా, నేను పల్లెలోనే పుట్టినదాన్ని" అనేది. అది అబద్ధం కూడా కాదు. పట్నం పిల్లలు మాలో చాలామంది. బాలింతకు పథ్యం ఎందుకు పెడతారో, అమ్మవారు పోసిన ఇంటికి వేపాకు ఎందుకు కడతారో వాళ్లకు అదే చెప్పాలి. చెప్పీ చెప్పీ దానికి కాస్త గర్వం కూడా వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకంగా తయారైంది.

మామిడికాయల కోత రోజులు. ఊరికి దూరంగా ఉన్న ఒక పల్లెకు మా ఇద్దరినీ పంపేవారు. కింద పల్లె, మీద పల్లె అని రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రోజు పొద్దున కింద పల్లె మీదుగా పోతున్నాం. మనుషులందరూ తోటల్లోకి కోతకు పోయారు, వీధిలో కోళ్లు తప్ప ఏమీ లేవు. ఒక మొండిగోడ పక్కన పెంటదిబ్బ. దాని మీద చేట, చేటలో పాత చీరముక్క, దాని మీద నెల కూడా తిరగని బిడ్డ. నుదుట పసుపు, పక్కన వేపరెమ్మ. బిడ్డ ఏడవడం లేదు, కాళ్లు ఆడిస్తోంది.

"అయ్యో, ఎవరో బిడ్డను పారేసినారే!" అని ఉరకబోయాను. మునిరత్నమ్మ నా రెక్క పట్టుకుని లాగింది.

"తాకొద్దక్కా! తాకితే నువ్వే తల్లివైపోతావు. పారేసింది కాదు ఇది. నన్ను పెట్టినట్ల పెట్టుండారు. పసుపు సూడు, యాపరెమ్మ సూడు. ఎత్తుకునేదానికి మనిషిని మాట్లాడుకోనుంటారు. అమ్మ ఆ గోడసాటునే ఉంటాది. మనం పోతేనే పని జరిగేది, రా."

దాని మాట నిజమేనన్నట్టు గోడ అవతల ఎవరో దగ్గారు, ఆపుకుంటున్న దగ్గు. "ఇనపడిందా? నేను సెప్పలా?" అని అది మురిసిపోయింది. ఆ చేట వైపు చూసి, "నూరేళ్లు బతుకు కుప్పమ్మా" అని దీవించి కూడా వచ్చింది. పట్నం పిల్లలతో వచ్చి ఉంటే ఎంత రభస జరిగేదో అని నవ్వుకుంటూ మీద పల్లెకు ఎక్కాం.

అక్కడ మా పని గజ్జికి గంధకం మందు పూయడం. పిల్లలు పరిగెత్తడం, మేము పట్టుకోవడం, వాళ్ల అవ్వలు మమ్మల్ని తిట్టడం. ఎండ నడినెత్తికి వస్తోంది. మునిరత్నమ్మ చేతులు పని చేస్తున్నాయి గానీ మాట ఆగిపోయింది. మాట ఆగితే దానికి ఏదో అయినట్టే. ఒక పిల్లవాడి ఒక చేతికి మందు పూసి, రెండో చెయ్యి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఎత్తుకునే ఆయమ్మ యాణ్ణుంచి వస్తాదక్కా?" అంది.

"ఏ ఆయమ్మ?"

"పల్లెలో ఒక్క మనిషి లేదు గదా. మాట్లాడుకోనుంటే గోడ కాడే ఉండల్ల గదా. మనల్ని సూసినాక కూడా ఆయమ్మ రాలేదే?" పిల్లవాడి చెయ్యి వదిలేసింది. "అదీ గాక ఆ దగ్గు... ఊరికే దగ్గే దగ్గు కాదక్కా అది."

మందు గిన్నె నా చేతిలో పెట్టి పరుగు తీసింది. ఆ పిల్లవాడు రెండో చేతికి మందు తప్పిందని సంతోషంగా పారిపోయాడు. నేను గిన్నె అక్కడే పడేసి దాని వెనక పడ్డాను. చెప్పుల్లేని కాళ్లు, కాలే నేల. ఆ పరుగు దాని జన్మలో దేనికీ పరుగెత్తి ఉండదు.

బిడ్డ అక్కడే ఉంది. నీడ జరిగిపోయి ఎండ చేటలోకి వచ్చేసింది. వేపరెమ్మ వాడిపోయింది. బిడ్డ గొంతు ఎండి, ఏడ్చినా శబ్దం రావడం లేదు. మెడ మీద ఎర్రచీమలు. మునిరత్నమ్మ ఒక్క దూకులో దిబ్బ ఎక్కి బిడ్డను గుండెలకు హత్తుకుంది. చీమలు దులుపుతూ, దులుపుతూ అరిచింది: "దొరికింది! నాకు దొరికింది! ఎవురి బిడ్డో, వచ్చి కొనుక్కోండి!"

ఎవరూ రాలేదు. గోడ అవతల దగ్గు మాత్రం వినిపించింది. చుట్టూ తిరిగిపోయి చూశాం. గోడకు వీపు ఆనించి ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. ఎముకల మీద చర్మం కప్పినట్టు ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆ కొంగు మీద నెత్తుటి మరక. క్షయ అని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

"దెగ్గిరికి రావద్దండి! బిడ్డను తీసుకోని రావద్దండి!" అని కూర్చున్నచోటి నుంచే వెనక్కి జరిగింది.

పేరు సుబ్బులమ్మ. కూలి మనిషి. మొగుడు మద్రాసు రేవులో పనికని పోయి మళ్లీ రాలేదు. ముందు పుట్టిన బిడ్డలు ఆమె ఒళ్లోనే దగ్గి దగ్గి పోయారు. ఇది కూడా తన ఒళ్లో ఉంటే పోతుందని ఆమెకు తెలుసు. తెలిసి ఈ ఉపాయం చేసింది.

"మీ పాటికి మీరు వస్తారు, సూస్తారు, ఎత్తుకోని పోతారు అనుకుంటి" అంది మునిరత్నమ్మ వైపు చూస్తూ. "మా పల్లెలో ఎవురెత్తినా సాయంత్రానికి తవుడు తీసుకోని నా బిడ్డను నాకే ఇచ్చేస్తారమ్మా. వాళ్లకు ఆచారం తెలుసు గదా. సదువుకున్నోళ్లకు ఇయ్యన్నీ తెల్దులే, నిజంగా పారేసినారనుకోని తీసుకోని పోతారు, యాడన్నా బతుకుతాది అనుకుంటి. నువ్వేమో దీవించేసి పోతివి."

నేను మునిరత్నమ్మ ముఖం చూడలేకపోయాను. ఇంతకాలం దేన్ని చూసుకుని గర్వపడిందో అదే దాన్ని చావగొట్టింది. నాలాగా ఏమీ తెలియని మొద్దు ఒంటరిగా వచ్చి ఉంటే ఆ బిడ్డ పొద్దున్నే నీడలో ఉండేది. నిజం చెప్పడానికి నాకేం మొహమాటం?

"ఎండ పడతా ఉంటే నువ్వన్నా ఎందుకు ఎత్తుకోలేదమ్మా?" అని నేను గట్టిగానే అడిగాను. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"ఎత్తుకుంటే మళ్లా నాదైపోదా?" అంది సుబ్బులమ్మ.

ఇక మునిరత్నమ్మ ఎవరి మాటా వినలేదు. బిడ్డను కొంగులో చుట్టుకుని తిరుపతికి నడిచింది. దారిలో ఒక ఇంట్లో మేకపాలు అడిగి, గుడ్డ తడిపి బిడ్డ నోట్లో పిండింది. కేంద్రానికి చేరేసరికి నిర్ణయం కూడా అయిపోయింది: ఈ చదువు వద్దు, సేవ వద్దు, బిడ్డను తీసుకుని ఐరాలకు పోతుంది, తనే పెంచుతుంది. "నేను సేసిన పాపం నేనే కడుక్కుంటా" అంటూ సామాను మూట కట్టడం మొదలుపెట్టింది. బిడ్డ ఒక చేతిలో, మూట ఒక చేతిలో. ఒకటి కడితే ఒకటి ఊడుతోంది.

నిర్మలమ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సంగతంతా నేనే చెప్పాను. ఎప్పటి ప్రశ్న ఆ రోజు అడగలేదు. అడిగి ఉంటే నేనే కొట్టేదాన్నేమో.

మునిరత్నమ్మే అరిచింది. "తెలవకపోతే తప్పంటారు. ఆచారాలు తెలుసుకోండి, జనాన్ని తెలుసుకోండి అంటారు. నాకు తెలుసు గదా! తెలిసినా తప్పేనా? ఇంకేం సేసి సచ్చేది?"

"నీకు తెలుసు కాబట్టే గోడ దాకా పోయి అడగలేదు" అన్నారు నిర్మలమ్మగారు.

"అవును, అడగలా."

"సరే, అది అయిపోయింది. ఇప్పుడు బిడ్డను ఐరాలకు తీసుకుపోతానంటున్నావు. ఈ మాటైనా ఆ తల్లిని అడిగినావా?"

మునిరత్నమ్మ చేతిలోంచి మూట జారింది.

"పొద్దున నీ ఆచారం చూసినావు, బిడ్డను చూడలేదు. ఇప్పుడు నీ పాపం చూస్తున్నావు, ఇప్పుడూ ఆ తల్లిని చూడలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనం అమ్మను కూడా అడగకుండా అన్నీ పెట్టేస్తున్నాం." ఆమె గొంతులో కోపం లేదు. బిడ్డను అందుకుని భుజాన వేసుకున్నారు. "నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను. ఆ పల్లెకు ఇన్ని వారాలుగా మిమ్మల్ని పంపుతున్నాను. అక్కడ దగ్గుతున్న మనిషి ఉందని నాకు కూడా తెలియదు."

ఆ మాటకు మునిరత్నమ్మ ఏడ్చింది. దాని ఏడుపు కూడా కుదురుగా ఉండదు, గది అంతా తిరుగుతూ ఏడ్చింది. ఆ పూట నేను దాన్ని ఒక్క మాట కూడా అనలేదు.

మరునాడు పొద్దున్నే ముగ్గురం పోయాం. బిడ్డను ఆరుబయట నా దగ్గర ఉంచి, వాళ్లిద్దరూ సుబ్బులమ్మ గుడిసె ముందు కాస్త ఎడంగా కూర్చున్నారు. మునిరత్నమ్మ ఆ రోజు కదలకుండా కూర్చోవడానికి పడ్డ పాటు దేవుడికే తెలియాలి. చేతులు రెండూ మోకాళ్ల కింద అదిమిపెట్టుకుంది.

"నీకు ఏం కావల్లో సెప్పక్కా" అని అడిగింది. "నాకు తెల్దు. నువ్వు సెప్తే వింటా."

సుబ్బులమ్మను ఆ మాట అడిగినవాళ్లు అంతకుముందు ఎవరైనా ఉన్నారో లేదో. ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. అనాథాశ్రమానికి పంపొద్దంది, అక్కడ మొకం తెలిసినవాళ్లు ఉండరు. ఐరాల వద్దంది, దూరం. ఇదే పల్లెలో, మూడో ఇంట్లో తిరుమలమ్మకు చంటిబిడ్డ ఉంది, పాలు ఉన్నాయి. ఆమె దగ్గర ఉంటే చాలు. "ఏడిస్తే నాకు ఇనపడాల. అంతే. దెగ్గిరికి తేవద్దు."

"అయితే తిరుమలమ్మను నువ్వే అడగొచ్చు గదా, దిబ్బ మీద పెట్టడమెందుకు?" అన్నాను నేను దూరం నుంచే. ఊరుకునే నోరా ఇది!

"అడిగినా. పాలు ఇస్తానన్నాది. బిడ్డను తీసుకోనంది. నేను సచ్చినాక నా గాలి దాని బిడ్డకు తగులుతాదంట. దానికి దాని బిడ్డ గదమ్మా ముఖ్యం. తల్లి ఇంకొకరైతే సరే, పాలు ఇస్తానన్నాది."

అందరం మునిరత్నమ్మ వైపు చూశాం. దిబ్బ మీది నుంచి ఎత్తింది అది. దొరికింది, నాకు దొరికింది అని పల్లె మారుమోగేలా అరిచింది కూడా అదే.

బిడ్డను ఇంట్లో ఉంచుకోవడానికి తిరుమలమ్మను ఒప్పించేసరికి కొన్నాళ్లు పట్టింది. మునిరత్నమ్మ రోజూ పోయి, కూర్చుని, అడిగి, విని వచ్చేది. బిడ్డకు తల్లి తనేనని, పాలూ పడకా మాత్రమే తిరుమలమ్మవని మాట కుదిరింది. మా కేంద్రాన్ని నడిపే కమిటీ పెద్దలు ముక్కు మీద వేలేసుకున్నారు. మొగుడు లేని పిల్లకు, అందునా మన కేంద్రంలో ఉండే పిల్లకు బిడ్డ ఏమిటి, పరువేం కావాలి అన్నారు. పరువు దిబ్బ మీద పెడితే ఎవరైనా ఎత్తుకుంటారేమో చూడండని నేను అందామనుకున్నాను. నిర్మలమ్మగారు నా వైపు ఒక చూపు చూసి, తనే వాళ్లతో మాట్లాడారు. ఏం మాట్లాడారో గానీ వాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమే తిరిగి తిరిగి, మదనపల్లె వైపు ఉన్న క్షయ ఆసుపత్రిలో సుబ్బులమ్మకు మంచం దొరికేట్టు చేశారు.

సుబ్బులమ్మ అక్కడి నుంచి తిరిగి రాలేదు. వానాకాలంలో కబురు వచ్చింది. అది తర్వాత మాట. ఆమె బస్సెక్కిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాదు.

పల్లె పక్క రోడ్డు మీద బస్సు ఆగింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. కొండకు మొక్కు తీర్చుకుని గుండ్లతో తిరిగిపోతున్నవాళ్లు, మామిడికాయల గంపలు. నేను సుబ్బులమ్మ మూట పట్టుకుని నిలబడ్డాను. మునిరత్నమ్మ బిడ్డను ఎత్తుకుని కాస్త దూరంగా, రోడ్డుకు అవతల నిలబడింది. చివరిసారిగా బిడ్డ ముఖమైనా చూసుకోనీ అని తనే తెచ్చింది, తేవచ్చునా అని ముందు రోజు సుబ్బులమ్మను అడిగి మరీ తెచ్చింది.

సుబ్బులమ్మ మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రోడ్డు మీద ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"ఎవురి బిడ్డమ్మా అది?" అని గట్టిగా అడిగింది.

బస్సులో వాళ్లందరూ తలలు బయటికి పెట్టి మునిరత్నమ్మను చూశారు. బోసి నొసలు, మెడలో ఏమీ లేదు, చంకలో చంటిబిడ్డ.

"నా బిడ్డే" అంది.

కిటికీలోంచి ఒక ముసలమ్మ బుగ్గలు నొక్కుకుంది. "రామ రామ! మొగుడు లేనిదానికి బిడ్డేందిమే, సిగ్గు లేకపోతే సరి!"

"నా బిడ్డే!" అని మునిరత్నమ్మ ఈసారి అరిచింది. "నేనే తల్లిని. ఎవురన్నా అడిగితే ఇదే సెప్తా!"

సుబ్బులమ్మ కళ్లు బిడ్డ మీదే ఉన్నాయి. ముఖం మాత్రం చిట్లించుకుంది. ఆకాశంలో ఎవరో వింటున్నట్టు, వాళ్లకు బాగా వినబడాలన్నట్టు, ఉన్న ఊపిరి అంతా పెట్టి అంది:

"థూ! ఏం బిడ్డమ్మా, నల్లగా, ఎలకపిల్ల మాదిరి. ఇట్లాటి బిడ్డ మాకెవురికీ వద్దు. నువ్వే పెట్టుకో."

అని బస్సెక్కి, రోడ్డు కనబడని అవతలి వైపు పోయి కూర్చుంది.